ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిస్తే చాలు, యాప్ దించుకోమని గొంతు మీద కూర్చుంటున్నారు

తుంగభద్ర_గట్టు, కర్నూలు
శుక్రవారం, రాత్రి 9:40

నిన్న మాకు జరిగింది రాస్తున్నా. ఇలాంటిది మీకూ ఎదురైందేమో చెప్పండి.

మా నాయనకు డాక్టరు షుగరు, కిడ్నీ పరీక్షలు రాశారు. ఎన్.ఆర్.పేటలో ఒక ల్యాబులో పొద్దున రక్తం ఇచ్చి ఇంటికొచ్చాం. సాయంత్రం ఆరింటికి నాయన ఫోనుకు మెసేజీ వచ్చింది, రిపోర్టు రెడీ, ఈ లింకు నొక్కండి అని. ఏడింటికి డాక్టరు దగ్గర ఉండాలి. ఆటో ఎక్కి లింకు తెరిచాను.

పేరు కనిపించింది, వయసు కనిపించింది, ఫాస్టింగ్ షుగరు కనిపించింది. దాని కింద క్రియాటినిన్ నుంచి అంతా మసక. పొగ పట్టిన అద్దంలోంచి చూసినట్టు అంకెలు ఉన్నట్టే ఉన్నాయి, చదవడానికి రావు. మధ్యలో పెద్ద పచ్చ బటన్: "పూర్తి రిపోర్టు యాప్‌లో చూడండి". దాని కింద కంటికి ఆనని బూడిద రంగు అక్షరాల్లో "వద్దులే, నా ఆరోగ్యం సంగతి తర్వాత చూసుకుంటా". అది నొక్కితే మళ్లీ అదే పేజీ.

సరే అని యాప్ దించబోతే 90 ఎంబీ పైనే ఉంది. నాయనది 32 జీబీ ఫోను. అందులో సగం గుడ్ మార్నింగ్ పూలు, మిగతా సగం శుక్రవారం లక్ష్మీదేవులు. రాజ్‌విహార్ దగ్గర ట్రాఫిక్‌లో కూర్చుని పూలన్నీ తీసేశాను (దేవుళ్లను తీయనివ్వలేదు). యాప్ దిగింది. ఓటీపీ అడిగింది. కాంటాక్టులు చూడనివ్వమంది. లొకేషన్ అడిగింది. అన్నీ అయ్యాక "కాసేపాగి ప్రయత్నించండి" అంది.

డాక్టరు గది ముందు నా అవస్థ చూసి కాంపౌండరు పిల్లోడు ఫోను తీసుకున్నాడు. క్రోమ్‌లో అదే లింకు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, "డెస్క్‌టాప్ సైట్" అని టిక్కు పెట్టాడు. రిపోర్టు మొత్తం వచ్చేసింది, పీడీఎఫ్ బటన్‌తో సహా. పది సెకన్లు పట్టలేదు.

అదే ఫోను, అదే లింకు, అదే నెట్టు. అంటే రిపోర్టు అక్కడే ఉంది. ఉన్నదాన్ని ఫోనులో చూసేవాళ్లకు కావాలనే మసక చేశారు. డబ్బులు కట్టింది మేమే, రక్తం ఇచ్చింది మా నాయనే. ఇట్ల చేయమని ఎవరు చెప్తారు? చెప్పినా చేసేవాళ్లకు ఏమీ అనిపించదా?


ఏడురోడ్లు_నెట్, కడప
శుక్రవారం, రాత్రి 10:02

అక్కా, ఆ మూడు చుక్కల మీదే నా నెట్ సెంటర్ నడుస్తోంది. నవ్వకండి, నిజం.

పదేళ్ల కింద నా దగ్గరికి ఫోను లేనివాళ్లు వచ్చేవాళ్లు. ఇప్పుడు పదిహేను వేల ఫోను చేతిలో పట్టుకుని వస్తున్నారు. "అన్నా, ఇది ఫోన్లో కావడం లేదు, నీ కంప్యూటర్లో చూడు" అంటారు. సగం సార్లు కంప్యూటర్ అక్కర్లేదు, వాళ్ల ఫోన్లోనే టిక్కు పెట్టి ఇస్తా. మొహమాటానికి ఇరవై రూపాయలు పెట్టిపోతారు. మొదట్లో వద్దనేవాణ్ణి. ఇప్పుడు తీసుకుంటున్నా, కరెంటు బిల్లు ఎవరు కడతారు.


పాత_లెడ్జర్, అనంతపురం
శుక్రవారం, రాత్రి 10:31

అమ్మా, మీ కష్టం అర్థమైంది కానీ యాప్ అంటేనే పాపం అన్నట్టు మాట్లాడొద్దు. నేను బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. కొన్ని పనులకు యాప్ ఉండాల్సిందే. యూపీఐ తీసుకోండి. అది మీ సిమ్‌నీ ఫోన్‌నీ ఎస్సెమ్మెస్ ద్వారా ముడివేసుకుంటుంది. మీ నంబరు ఇంకొకరి ఫోనులో పెట్టి డబ్బు లాగకుండా ఉండేది దానివల్లే. బ్రౌజర్‌లో అంత గట్టిగా ముడివేయడం కుదరదు. సిగ్నల్ లేనప్పుడు తెరుచుకునేవి కూడా ఎక్కువగా యాప్‌లే. పైగా నాకు ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టే బాధ లేదు.


తుంగభద్ర_గట్టు, కర్నూలు
శుక్రవారం, రాత్రి 10:44

సార్, యూపీఐకి నేను అడ్డం చెప్పలేదు. రోజూ వాడేదానికి యాప్ పెట్టుకుంటాను. ఏడాదికి రెండుసార్లు పోయే ల్యాబుకు కూడా నా ఫోన్లో ఒక గది ఇవ్వాలా? చుట్టపుచూపుగా వచ్చినోడు మంచం తెచ్చి వేసుకున్నట్టుంది.


పాత_లెడ్జర్, అనంతపురం
శుక్రవారం, రాత్రి 10:47

ఆ మాట ఒప్పుకుంటాను.


గడియారస్తంభం_నీడ, అనంతపురం
శుక్రవారం, రాత్రి 11:50

"చేసేవాళ్లకు ఏమీ అనిపించదా" అన్నారు కదా. చేసినవాణ్ణి నేనే. మీ ల్యాబుకు కాదు, బెంగళూరులో వేరే కంపెనీకి. పేరు చెప్పను. ఇప్పుడు అనంతపురం వచ్చి ఇంటినుంచే పని చేసుకుంటున్నా కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

ముందు, ఆ టిక్కు ఏం చేసిందో చెప్తా. బ్రౌజర్ ఏ పేజీ అడిగినా తానెవరో చెప్పే ఒక లైను పంపుతుంది, యూజర్ ఏజెంట్ అంటాం. ఫోన్ నుంచి అయితే అందులో "ఆండ్రాయిడ్", "మొబైల్" అని ఉంటుంది. ఆ మాట కనబడితే మసక పేజీ, కనబడకపోతే పూర్తి పేజీ. డెస్క్‌టాప్ సైట్ అని టిక్కు పెడితే ఆ లైను మారిపోతుంది, సర్వర్ మిమ్మల్ని కంప్యూటర్ అనుకుంటుంది. రిపోర్టు మసక కావడానికి సాంకేతిక కారణం ఏమీ లేదు. ఎవరో కూర్చుని "ఫోను అయితే ఇలా" అని రాశారు.

ఎందుకు రాస్తారంటే, బ్రౌజర్ మీ చేతిలో ఉంటుంది, యాప్ వాళ్ల చేతిలో ఉంటుంది. బ్రౌజర్‌లో ట్యాబ్ మూసేస్తే వాళ్లకు మీ జాడ దాదాపు పోయినట్టే. ఐఫోన్ సఫారీలో అయితే 2019 నుంచి పేజీలోని స్క్రిప్టు పెట్టిన కుకీలు (మిమ్మల్ని మళ్లీ గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులు) ఏడు రోజులకే తుడిచిపెట్టుకుపోతాయి. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టుకుంటే ఫోన్లో కూడా యాడ్ బ్లాకర్ వేసుకోవచ్చు. యాప్‌లో అవేవీ కుదరవు. యాప్ ఐకాన్ రోజూ కంటికి కనబడుతుంది, నోటిఫికేషన్ కొట్టొచ్చు. ఆండ్రాయిడ్ 13 వచ్చేదాకా నోటిఫికేషన్ పంపడానికి యాప్ మిమ్మల్ని అడగాల్సిన పని కూడా లేదు. ఆండ్రాయిడ్ 11కు ముందు మీ ఫోన్లో ఇంకా ఏయే యాప్‌లు ఉన్నాయో కూడా సులువుగా చూసుకునేవాళ్లు. మీ ఫోన్లో అప్పుల యాప్ ఉందా, పెళ్లి సంబంధాల యాప్ ఉందా అని తెలిస్తే ఎంత సంగతి తెలిసినట్టో ఊహించుకోండి.

ఇదంతా చాలామందికి తెలిసిందే. బయటివాళ్లకు తెలియనిది ఇంకోటుంది. ఎప్పుడూ కుట్రతోనే జరగదు. మా దగ్గర మొబైల్ వెబ్ టీమ్‌లో తొమ్మిది మందిమి ఉండేవాళ్లం. పైవాళ్లు ఇన్‌స్టాళ్ల సంఖ్యను టార్గెట్‌గా పెట్టారు. యాప్ టీమ్‌కు మనుషులు కావాలని మాలోంచి ముగ్గుర్ని తీసుకున్నారు. వెబ్‌లో తప్పులు దిద్దేవాళ్లు తగ్గారు. ఫిల్టర్ పనిచేయదు, కార్టు ఖాళీ అవుతుంది, నెలలు గడిచినా అడిగేవాడు లేడు. జనం విసిగి కొందరు యాప్‌కు పోయారు, కొందరు అసలే పోయారు. ఆరు నెలల తర్వాత మీటింగ్‌లో గ్రాఫు చూపించారు: "చూడండి, మొబైల్ వెబ్ వాడకం పడిపోతోంది, జనం యాపే కోరుకుంటున్నారు." ఇంకో నలుగుర్ని తీశారు. చివరికి ఇద్దరం మిగిలాం. చేనుకు నీళ్లు ఆపేసి, పంట ఎండింది కాబట్టి ఈ నేల పనికిరాదని చెప్పినట్టు. ఆ గ్రాఫు గీసింది నేనే, అందుకే బాగా గుర్తుంది.


ఎర్రనేల_బస్సు, గుంతకల్లు
శనివారం, ఉదయం 6:15

యాప్ దించుకోమని అడ్డం వచ్చే ఆ పాపప్ మూయడానికి పెట్టే ఇంటూ మార్కు చీమ తలకాయంత ఉంటుంది. దాని మీద నొక్కామనుకుంటే ప్లే స్టోర్ తెరుచుకుంటుంది. నా బొటనవేలు రైల్వే పనిలో అరిగిన వేలు, దానికి అంత చిన్నవి తగలవు. అంతే చెప్పేది.


ప్రొద్దుటూరు_పట్టు, ప్రొద్దుటూరు
శనివారం, ఉదయం 8:20

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, దుకాణదారు వైపు కూడా వినండి.

మాది బట్టల వ్యాపారం, తాత కాలం నుంచి. మూడేళ్ల కింద వెబ్‌సైట్ పెట్టాం, తర్వాత యాప్ చేయించాం. వెబ్‌సైట్‌కు మనిషిని రప్పించాలంటే ప్రతిసారీ ప్రకటనకు డబ్బు పోయాలి. వచ్చినోడు చీర చూసి పోతాడు, మళ్లీ రాడు. మళ్లీ రప్పించాలంటే మళ్లీ డబ్బు. యాప్ ఉంటే శ్రావణమాసంలో ఒక నోటిఫికేషన్ కొడితే చాలు, పైసా ఖర్చు లేదు. పెద్ద కంపెనీల సంగతి నాకు తెలియదు, మాలాంటోళ్లకు ఇది కక్కుర్తి కాదు, బతుకుదెరువు.

అవును, మా సైట్‌లో కూడా నిండా తెర కప్పేసే బ్యానర్ ఉంది. చేసిచ్చినోడు పెట్టమన్నాడు, పెట్టాం.


గడియారస్తంభం_నీడ, అనంతపురం
శనివారం, ఉదయం 9:05

అన్నా, మీ బాధ నిజమే, మందు మాత్రం తప్పు. ఆ బ్యానర్ మీద గూగుల్ వాళ్లే తమ సొంత సైట్‌లో చేసిన లెక్క ఉంది, 2015 జులైలో బయటపెట్టారు. ఫేస్‌బుక్ లాంటిదే అప్పట్లో వాళ్లకు ఉండిన గూగుల్ ప్లస్ మొబైల్ సైట్‌లో మీది లాంటి తెర కప్పే బ్యానర్ పెట్టి చూశారు. 9 శాతం సార్లు "యాప్ తెచ్చుకోండి" బటన్ నొక్కారు. వినడానికి బాగుంది. కానీ 69 శాతం సార్లు వచ్చినవాళ్లు పేజీనే వదిలేసి పోయారు, యాపూ లేదు సైటూ లేదు. తర్వాత ఆ తెర తీసేసి పైన చిన్న పట్టీ పెట్టారు. సైట్‌ను రోజూ వాడేవాళ్లు 17 శాతం పెరిగారు. ఐఫోన్‌లో యాప్ ఇన్‌స్టాళ్లు తగ్గింది 2 శాతమే.

ఆ 9 శాతంలో కూడా కొందరి దగ్గర యాప్ ముందే ఉంది, నొక్కిన అందరూ ఇన్‌స్టాల్ చేసింది లేదు.

ఆ ఏడాది నవంబర్ 1 నుంచి ఇలా తెర కప్పే పేజీలను మొబైల్‌కు అనువైనవిగా లెక్కపెట్టం అని గూగుల్ చెప్పింది. 2017 జనవరి నుంచి, వెతికి వచ్చినవాడికి విషయం కనబడకుండా అడ్డం పెట్టే పేజీలు వెతుకులాటలో కిందికి పోవచ్చని కూడా చెప్పింది. అంటే మీ ప్రకటన ఖర్చు పెరగడానికి మీ బ్యానరే ఒక చెయ్యి వేసి ఉండొచ్చు.


ప్రొద్దుటూరు_పట్టు, ప్రొద్దుటూరు
శనివారం, ఉదయం 9:30

వాళ్లు గూగుల్, వాళ్ల దగ్గరికి జనం ఊరికే వస్తారు. మాకూ వాళ్లకూ పోలికేంది? మింత్రా లాంటోళ్లు వెబ్‌సైటే మూసేసి యాప్ ఒక్కటే పెట్టారని మా చేసిచ్చినోడు చెప్పాడు.


గడియారస్తంభం_నీడ, అనంతపురం
శనివారం, ఉదయం 9:52

సగం కథ చెప్పాడు. మింత్రా 2015 మేలో యాప్ ఒక్కటే అని మూసేసిన మాట నిజం. 2016లో మళ్లీ వెబ్‌సైట్ తెరిచింది, అదీ నిజం. ఫ్లిప్‌కార్ట్ కూడా 2015లో మొబైల్ సైట్ మూసి అందర్నీ యాప్‌కు తోలింది. ఆ ఏడాది నవంబర్‌లోనే ఫ్లిప్‌కార్ట్ లైట్ అని వెబ్‌ను మళ్లీ తెచ్చింది. ఆ పద్ధతిని ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అంటారు. అది వెబ్‌సైటే, కానీ హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ పెట్టుకోవచ్చు, నెట్ తగ్గినా కొంత తెరుచుకుంటుంది, ఒప్పుకున్నవాళ్లకు నోటిఫికేషన్ కూడా పంపొచ్చు. ట్విట్టర్ 2017లో ఇలాగే లైట్ అని తెచ్చింది, ఫోన్లో 1 ఎంబీ కూడా తినేది కాదు.

మీకు కావల్సింది శ్రావణమాసం నోటిఫికేషనే కదా అన్నా. దానికి 60 ఎంబీ యాప్ అక్కర్లేదు. ఐఫోన్‌వాళ్లకు కూడా 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న సైట్ నోటిఫికేషన్ పంపగలదు.


చెవితో_చదువు, కడప
శనివారం, ఉదయం 11:10

నాకు చూపు లేదు. టాక్‌బ్యాక్‌తో ఫోను వాడతాను, తెర మీద ఉన్నది అది చదివి వినిపిస్తుంది. యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీజీ చేశాను, ఇప్పుడు పరీక్షలకు చదువుతున్నాను.

మీరందరూ "చిన్న ఇంటూ మార్కు" అంటున్నారు. నాకది చిన్నదో పెద్దదో తెలియదు, ఉందో లేదో కూడా తెలియదు. ఆ బటన్‌కు పేరు రాసి ఉండరు. వేలితో జరుపుతూ పోతే టాక్‌బ్యాక్ "బటన్... బటన్... పేరులేని బటన్" అంటుంది. ఏది మూసేదో, ఏది ప్లే స్టోర్‌కు తీసుకుపోయేదో నేను నొక్కి చూడాలి. ఇంకా ఘోరం ఏమిటంటే, కొన్ని సైట్లలో తెర కప్పిన బ్యానర్ వెనకాల అసలు పేజీ నాకు చక్కగా చదువుతూ ఉంటుంది. అంతా బాగానే ఉందనుకుని నొక్కుతాను, ఏమీ జరగదు. ఎందుకు జరగడం లేదో నాకెవరూ చెప్పరు. ఇంట్లో అమ్మను పిలిస్తే "ఏదో బొమ్మ అడ్డం వచ్చిందిరా" అంటుంది.

బ్రౌజర్‌కు నేను అలవాటు పడ్డాను. హెడింగ్ నుంచి హెడింగ్‌కు దూకడం, లింకుల మీదుగా పోవడం, అన్ని సైట్లలో ఒకే పద్ధతి. యాప్ అంటే ఒక్కోటి ఒక్కో కొత్త ఊరు. చేసినవాళ్లు శ్రద్ధ పెడితే యాప్ చాలా బాగుంటుంది, అది నేను కాదనను, మా బ్యాంకు యాప్ వెబ్‌సైట్ కంటే మేలు. శ్రద్ధ పెట్టకపోతే మాత్రం నాకు చేయగలిగేది లేదు. వెబ్ పేజీ అయితే కనీసం అక్షరాలు కాపీ చేసి వేరేచోట వినొచ్చు. చాలా యాప్‌లలో కాపీ చేయనివ్వరు.

చూపు తక్కువున్న మా స్నేహితుడికి ఇంకో బాధ. కొన్ని మొబైల్ సైట్లలో వేళ్లతో పెద్దది చేయబోతే కాదు. అతనికి క్రోమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద "ఫోర్స్ ఎనేబుల్ జూమ్" ఉందని నేనే చెప్పాను. కళ్లున్నవాళ్లకు కూడా అవసరమే, చూసుకోండి.


ప్రొద్దుటూరు_పట్టు, ప్రొద్దుటూరు
శనివారం, ఉదయం 11:25

తమ్ముడూ, ఇది నాకు నిజంగా తెలియదు. మా సైట్ నీకు చెవిలో ఎట్ల వినబడుతుందో ఒకసారి చూసి చెప్తావా? లింకు విడిగా పంపిస్తా.


నల్లకోటు, కర్నూలు
శనివారం, మధ్యాహ్నం 2:40

కోర్టు సెలవు, తీరిగ్గా చదివాను. చట్టం ఏమంటుందో నాకు తెలిసింది రాస్తాను.

2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల నివారణ మార్గదర్శకాలు తెచ్చింది. డార్క్ ప్యాటర్న్ అంటే వాడేవాణ్ణి మభ్యపెట్టో, విసిగించో తమకు కావల్సింది చేయించుకునే డిజైన్లు. మొత్తం 13 రకాలు పేర్కొన్నారు. అందులో ఒకటి "నాగింగ్", మన భాషలో చెప్పాలంటే నస. దానికి ఉదాహరణగా ఏం రాశారో తెలుసా? వెబ్‌సైట్లు తమ యాప్ దించుకోమని మళ్లీ మళ్లీ అడగడం. ఈ చర్చలో మనం తిట్టుకుంటున్న సంగతే.

తుంగభద్ర గారు చెప్పిన "వద్దులే, నా ఆరోగ్యం సంగతి తర్వాత చూసుకుంటా" ఇంకో రకం. కాదన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం. కన్ఫర్మ్ షేమింగ్ అని అదీ ఆ పదమూడులో ఉంది. బలవంతపు చర్య, అంటే అడిగినదానికి సంబంధం లేనిది అంటగట్టడం లాంటివి, అని మూడోది ఉంది గానీ, ల్యాబు వకీలు "యాపూ మాదే, రిపోర్టూ మాదే, సంబంధం లేనిదేమీ అంటగట్టలేదు" అని వాదించగలడు. నేనైతే నస మీదా, సిగ్గుపెట్టడం మీదా నిలబడతాను.

2025 జూన్‌లో ఆ సంస్థే ఈ-కామర్స్ కంపెనీలను, మూడు నెలల్లో మీ సైట్లలో ఇలాంటివి ఉన్నాయేమో మీరే ఆడిట్ చేసుకోండి అని సలహా కూడా ఇచ్చింది. చేసుకున్నవాళ్లు ఎంత నిజాయితీగా చేసుకున్నారో మన ఫోన్లే చెప్తున్నాయి.


తుంగభద్ర_గట్టు, కర్నూలు
శనివారం, మధ్యాహ్నం 3:05

సార్, ఫిర్యాదు చేస్తే ఫీజు, వాయిదాలు, తిరుగుడు ఉంటాయా? మా నాయన వద్దంటున్నాడు, "రిపోర్టు వచ్చింది కదమ్మా, వదిలేయ్" అని.


నల్లకోటు, కర్నూలు
శనివారం, మధ్యాహ్నం 3:20

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫీజు లేదు. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు ముందు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా పోవడం తర్వాతి మాట. ఏది చేసినా ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, టిక్కు పెట్టక ముందుదీ, పెట్టిన తర్వాతదీ. పక్కపక్కన పెడితే ఆ రెండే మాట్లాడతాయి.


ఏడురోడ్లు_నెట్, కడప
శనివారం, సాయంత్రం 5:50

నాకు దీంట్లో ఇంకో భయం ఉంది. ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా.

పోయిన నెల మైదుకూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అని మెసేజీ, కింద ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసే ఫైలు. ఆయనకు బండి ఉంది, హెల్మెట్ లేదు, చలానా పడే ఉంటుందిలే అనుకున్నాడు. నొక్కాడు. "ఈ మూలం నుంచి ఇన్‌స్టాల్ చేయడం ప్రమాదం" అని ఫోను హెచ్చరించింది, అది కూడా ఓకే చేశాడు. మెసేజీలు చదివే అనుమతి అడిగింది, ఇచ్చాడు. ఓటీపీలు వాళ్లకు పోయాయి, ఖాతాలో ఉన్న పద్దెనిమిది వేలు పోయాయి. చెనిక్కాయల విత్తనాలకు పెట్టుకున్న డబ్బు. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను, అప్పటికే రెండు రోజులు దాటింది.

"ఎందుకు నొక్కావు పెద్దాయనా" అంటే ఏమన్నాడో తెలుసా? "యాడికి పోయినా యాప్ ఏసుకో అంటాండారు, ఇదీ అట్లాంటిదే అనుకుంటి." నాకు నోట మాట రాలేదు. ల్యాబు అడుగుతుంది, గ్యాస్ అడుగుతుంది, బట్టల షాపు అడుగుతుంది (పట్టు అన్నా, మిమ్మల్ని కాదు), పిల్లల స్కూలు అడుగుతుంది. అన్నిటికీ సరే అని, ఓకే అని నొక్కీ నొక్కీ వేలికి అలవాటైపోయింది. దొంగోడు ఆ అలవాటు మీదే బతుకుతున్నాడు.


పాత_లెడ్జర్, అనంతపురం
శనివారం, రాత్రి 7:15

నెట్ సెంటర్ తమ్ముడు చెప్పింది చదివాక నా మొదటి మాట కొంచెం సవరించుకుంటాను.

బ్రౌజర్‌లో పైన అడ్రసు కనబడుతుంది. రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంకులన్నీ తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కిందికి మార్చుకోవాలని చెప్పింది. అంటే చదువు తక్కువున్నవాడికి కూడా "చివర ఇది ఉందో లేదో చూసుకో" అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. యాప్‌కు అలాంటి గుర్తు ఏది? ఐకాన్ ఎవడైనా గీసుకోవచ్చు. ప్లే స్టోర్‌లోంచే తీసుకోమని చెప్తాం, కానీ వాట్సాప్‌లో వచ్చిన ఫైలుకూ ప్లే స్టోర్‌కూ తేడా తెలిసినవాడికి మన సలహా అవసరం లేదు, తెలియనివాడికి అర్థం కాదు.

బ్యాంకులో ఉండగా మేమే కౌంటర్ ముందు నిలబడి జనంతో యాప్ పెట్టించేవాళ్లం. రోజుకు ఇన్ని అని లెక్క ఉండేది. వద్దన్నవాళ్ల ఫోను తీసుకుని మేమే వేసేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ వయసులో దాచుకుని ఏం చేస్తాను.


మోడరేటర్
శనివారం, రాత్రి 8:00

ఆండ్రాయిడ్ గొప్పా ఐఫోన్ గొప్పా అనే పదకొండు పోస్టులు వేరే గదికి తరలించాం. అక్కడ కొట్టుకోండి.


ఎర్రనేల_బస్సు, గుంతకల్లు
శనివారం, రాత్రి 8:04

అందులో నాలుగు నావే. క్షమించండి.

నీడ తమ్ముడూ, ఒక సందేహం. యాప్ ఫోన్లో ఉంటే, గూగుల్‌లో వెతికి లింకు నొక్కినా బ్రౌజర్‌లో కాకుండా యాప్‌లోకి ఈడ్చుకుపోతోంది. దాన్ని ఆపొచ్చా?


గడియారస్తంభం_నీడ, అనంతపురం
శనివారం, రాత్రి 8:30

ఆపొచ్చన్నా. ఐకాన్ మీద వేలు నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోలోకి పోండి. "ఓపెన్ బై డిఫాల్ట్" అని ఉంటుంది, అందులో సపోర్టెడ్ లింకులు ఆపేయండి. ఫోను కంపెనీని బట్టి మాట కొంచెం మారుతుంది. ఒక్కసారికే అయితే లింకు మీద వేలు నొక్కి పట్టుకుని కొత్త ట్యాబ్‌లో తెరవండి, చాలాసార్లు యాప్ లేవదు.

డెస్క్‌టాప్ టిక్కు మీద కూడా ఒక మాట. అది ఎల్లకాలం పనిచేసే మందు కాదు. తెర కొలత చూసి పట్టేసేవాళ్లున్నారు, లాగిన్ అయితే తప్ప చూపించనివాళ్లున్నారు. కొందరు కంప్యూటర్‌లో కూడా క్యూఆర్ కోడ్ పెట్టి "ఫోన్‌తో స్కాన్ చేసి యాప్ తెచ్చుకోండి" అంటున్నారు. నెట్ సెంటర్ అన్న ఇరవై రూపాయలకు కూడా గండం ఉంది.


తుంగభద్ర_గట్టు, కర్నూలు
సోమవారం, రాత్రి 8:50

ఈరోజు ల్యాబుకు పోయి వచ్చాను. పోట్లాడాలనే పోయాను.

కౌంటర్‌లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. రెండు స్క్రీన్‌షాట్లూ చూపించి, ఇదేంది అని అడిగాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, "అక్కా, మీరు అడిగితే కాగితం మీద ప్రింటు ఇస్తాం, కానీ మేముగా ఇస్తామని చెప్పకూడదు" అంది. కాగితం ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు. పేజీ చేసేది ఇక్కడివాళ్లు కాదట, ఊళ్లో మేనేజరుకు కూడా దాని సంగతి తెలియదట. ఆమెకు తెలిసింది ఒకటే, రోజుకు పదిహేను ఇన్‌స్టాళ్లు కావాలి, లేకపోతే నెలాఖరులో అడుగుతారు. ఇవాళ్టికి ఆరు అయ్యాయట.

తర్వాత మెల్లగా అంది, "అక్కా, మీ ఫోన్లో ఒకసారి వేసి నా కోడ్ కొట్టండి. బయటికి పోయి తీసేసుకోండి, అందరూ అట్లే చేస్తారు."

పోట్లాడ్డానికి పోయిన మనిషిని నేను. వేశాను. కోడ్ కొట్టాను. ఇల్లు చేరేలోపు మూడు నోటిఫికేషన్లు వచ్చాయి, అందులో ఒకటి "మీ కిడ్నీలు క్షేమమేనా?" అని. ఇంటికొచ్చి తీసేశాను. అది అయ్యాకే 1915కు ఫోన్ చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. పేజీ గురించే చెప్పాను, ఆ అమ్మాయి మాట ఎత్తలేదు.


గడియారస్తంభం_నీడ, అనంతపురం
సోమవారం, రాత్రి 9:10

మీటింగ్‌లో ఏడో ఇన్‌స్టాల్ మీరే. తీసేసిన సంగతి వేరే గ్రాఫులో వస్తుంది, దాన్ని ఎవరూ తెర మీద పెట్టరు.


ప్రొద్దుటూరు_పట్టు, ప్రొద్దుటూరు
మంగళవారం, ఉదయం 10:30

మా సైట్‌లో తెర కప్పే బ్యానర్ తీయించాను. చేసిచ్చినోడు గొణిగాడు. ఇప్పుడు పైన చిన్న పట్టీ మాత్రం ఉంది, ఒకసారి మూస్తే నెలదాకా రాకూడదని చెప్పాను. కడప తమ్ముడూ, ఒకసారి విని చెప్పు.


చెవితో_చదువు, కడప
మంగళవారం, ఉదయం 11:45

విన్నానన్నా. చీరల పేర్లు, ధరలు చక్కగా చదువుతోంది, కార్టులో వేయగలిగాను. అమ్మకు ఒకటి చూస్తున్నాను, రంగు ఎలా ఉంటుందో రెండు ముక్కలు రాయించండి, "ఫోటోలో చూడండి" అని ఉంది. పట్టీ మూసే బటన్ మాత్రం ఇంకా "పేరులేని బటన్" అనే అంటోంది.